రిజిస్ట్రేషన్ అయిపోతే స్థలం మనదైనట్లేనా?

విశాఖ చుట్టూ ఇళ్లు, స్థలాలు కొనే పల్లె కుటుంబాలకు ఎదురవుతున్న చిక్కులు

విశాఖపట్నంలో ఒక సొంత గూడు ఉండాలన్న కోరిక చోడవరం, మాడుగుల, యలమంచిలి, పద్మనాభం ప్రాంతాల పల్లెలకు ఏనాటి నుంచో ఉన్నది. 1933లో పోర్టు ప్రారంభమైన నాటి నుంచి, ఆ తరువాత నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చిన కొద్దీ పల్లె జనం పనుల కోసం పట్నం బాట పట్టారు. కొడుకు చదువుకో, కూతురి కాపురానికో, రిటైరైన తరువాత ఆసుపత్రి దగ్గరగా ఉంటుందనో ఏదో ఒక కారణం చేత నగరం అంచున నూటయాభై గజాలు కొనిపెట్టుకోవడం ఈ జిల్లాలో ఆనవాయితీగా మారింది.

భోగాపురం విమానాశ్రయం, ఆనందపురం మండలం తర్లువాడ వద్ద 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా కేంద్రం వంటి వాటితో ఈ కోరికకు తొందర తోడైంది. ఈ ఏడు కొనకపోతే మరి కొనలేమన్న భయం పల్లెల్లో వ్యాపించింది. ఆ భయాన్నే పెట్టుబడిగా చేసుకుని మధ్యవర్తులు ఊరూరా తిరుగుతున్నారు. అర ఎకరం అమ్మిన సొమ్మో, ప్రావిడెంటు ఫండో, చీటీ పాడిన డబ్బో చేతిలో ఉన్న కుటుంబం ఒక్క పూటలో దస్తావేజు మీద వేలిముద్ర వేసి ఇంటికి వస్తున్నది. చిక్కు ఏమిటన్నది చాలామందికి ఇంటి ప్లానుకు దరఖాస్తు పెట్టిన రోజుననో, బ్యాంకుకు అప్పు కోసం వెళ్లిన రోజుననో మాత్రమే తెలుస్తున్నది.

రిజిస్ట్రారు చూసేది ఏమిటి?

పల్లెల్లో అందరూ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ‘సర్కారు ఆఫీసులో ముద్ర వేసి ఇచ్చారు గదా, ఇంకా అనుమానమెందుకు?’ అని. ఈ నమ్మకమే అన్ని చిక్కులకూ మూలం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. అయితే రిజిస్ట్రేషన్ అంటే ఫలానా వారు ఫలానా వారికి ఫలానా స్థలాన్ని అమ్మినట్లు రాసుకున్నారని సర్కారు నమోదు చేసుకోవడమే. అమ్మినవాడికి ఆ స్థలం మీద నిజంగా హక్కు ఉన్నదని హామీ ఇవ్వడం కాదు. లేని హక్కును రాసి ఇచ్చినవాడి దగ్గర కొన్నవాడికి దక్కేది కాగితమే.

భూమి హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి తెస్తామంటూ రాష్ట్రంలో 2022లో భూ హక్కుల చట్టం చేశారు. దానిపై లాయర్లు, రైతులు తీవ్ర ఆందోళన వెలిబుచ్చారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఆ చట్టాన్ని రద్దు చేశారు. కనుక హక్కు సరిచూసుకునే బాధ్యత పూర్తిగా కొనేవాడిదే.

స్టాంపు కాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా ఈ మూడూ కలిపి ఇచ్చి ‘ఇది అమ్మకం కిందే లెక్క’ అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి కాగితాల వల్ల హక్కు సంక్రమించదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పవర్ ఇచ్చిన మనిషి మరణిస్తే సాధారణంగా ఆ పవర్ కూడా అంతటితో ముగుస్తుంది.

భూమి పుట్టుక అడగాలి

పెళ్లి సంబంధం చూసేటప్పుడు మూడు తరాలు విచారించే పల్లె పెద్దలు భూమి విషయంలో ఒక తరాన్ని కూడా విచారించడం లేదు. ఈ ప్రాంతంలో భూములన్నీ ఒక్క తీరుగా పుట్టినవి కావు. విజయనగరం సంస్థానం వంటి జమీందారీల కింద ఉన్న గ్రామాలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో రైత్వారీలోకి వచ్చాయి. ఇనాం భూములకు 1956లో వేరే చట్టం వచ్చింది. అప్పటి సెటిల్మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదుట ఏమని రాసి ఉన్నదో అదే ఆ భూమి పుట్టుక.

జిరాయితీ అని ఉంటే అది రైతు సొంత భూమి. గెడ్డ, చెరువు, కొండ, రస్తా పోరంబోకు అని ఉంటే అది సర్కారుది. ఎన్ని చేతులు మారినా, ఎన్ని దస్తావేజులు పుట్టినా పోరంబోకు జిరాయితీ కాదు. భూమి లేని పేదలకు సాగు కోసం ఇచ్చిన డి-పట్టా భూములను అమ్మడం, కొనడం 1977 చట్టం ద్వారా నిషేధించారు. 2023లో ఈ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు కల్పించారు. ఆ పేరుతో అనర్హమైన భూములు కూడా బయటకు వచ్చాయన్న ఫిర్యాదులపై 2024లో ఇలాంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి విచారణ చేపట్టారు. ‘ఇరవై ఏళ్లు దాటింది, ఇక భయం లేదు’ అన్న మాట విని డబ్బు కట్టడం ప్రమాదకరం. తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే బేరం మాట్లాడాలి.

మాజీ సైనికులకు ఇచ్చిన భూముల సంగతి వేరు. పదేళ్ల తరువాత వాటిని అమ్ముకోవచ్చు గానీ కలెక్టరు నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. ఆ పత్రం అసలైనదేనా అన్నది కలెక్టరు కార్యాలయంలోనే సరిచూసుకోవాలి.

అరకు, పాడేరు వైపు చల్లని చోట స్థలాలంటూ వచ్చే ప్రకటనలకు కూడా జనం మోసపోతున్నారు. అది షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, అంటే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరున బదిలీ కావడానికి వీలు లేదు. కొన్నవారు గిరిజనేతరులైతే ఆ కొనుగోలు చెల్లదు.

పంచగ్రామాలు చెబుతున్న కథ

భూమి పుట్టుక తెలియక కొంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనవసరం లేదు. సింహాచలం కొండ చుట్టూ ఉన్న అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల పరిస్థితే అందుకు నిదర్శనం. అప్పన్న స్వామి దేవస్థానానికి చెందిన ఇనాం భూములుగా వీటిపై దేవస్థానం పేరున పట్టాలు ఏర్పడ్డాయి. అప్పటికే తరతరాలుగా అక్కడ కాపురముంటున్న వారు, వారి దగ్గర కష్టార్జితంతో కొనుక్కున్న కార్మికులు, చిన్న ఉద్యోగులు చిక్కుల్లో పడ్డారు.

అక్కడి ఇళ్లకు గోడలున్నాయి, కప్పులున్నాయి, కరెంటు మీటర్లున్నాయి. కానీ రిజిస్ట్రేషన్ లేదు. పాత ఇల్లు కూలిపోతున్నా కొత్తది కట్టుకోవడానికి అనుమతి దొరకదు. కూతురి పెళ్లికి అమ్ముకోవడానికి వీలు లేదు. బ్యాంకు తనఖా పెట్టుకోదు. క్రమబద్ధీకరణ కోసం 2019లో శాసనసభ చట్టం చేయగా అది హైకోర్టులో ఆగిపోయింది. దేవస్థానానికి వేరే చోట భూములు ఇచ్చి, పన్నెండు వేలకు పైగా ఉన్న ఈ ఇళ్లను క్రమబద్ధం చేయాలన్న ప్రతిపాదనను 2025లో ప్రభుత్వం ముందుకు తెచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వాగ్దానాలు వచ్చాయి. పిల్లలుగా ఆ ఇళ్లలోకి వచ్చినవారు మనుమలను ఎత్తుకుంటున్నా సమస్య వారి వెంటే నడుస్తున్నది.

దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ, అసైన్డు భూములను, పట్టణ భూ పరిమితి చట్టం కింద మిగులుగా తేలిన స్థలాలను రిజిస్టరు చేయరాదని రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను చెబుతున్నది. ఈ నిషేధిత జాబితా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. కొనబోయే సర్వే నంబరు ఆ జాబితాలో ఉన్నదా లేదా అని అడగడానికి లాయరు అక్కరలేదు, ఎవరైనా అడగవచ్చు. అయితే జాబితాలో లేనంత మాత్రాన భూమి నిక్కమైనదని అనుకోరాదు. జాబితా తయారు చేసిన తరువాత కొత్తగా చేర్చిన నంబర్లు ఉన్నాయి. అసలు జిరాయితీ అయి ఉండి పొరపాటున అందులో చేరిన నంబర్లూ ఉన్నాయి. తరువాతి వారు ఏ తప్పూ చేయకుండానే ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తున్నది.

విశాఖలో రికార్డులనే తారుమారు చేశారన్న ఆరోపణలపై 2017లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించారు. భీమునిపట్నం, మధురవాడ ప్రాంతాల భూములు అప్పట్లో పెద్ద చర్చకు వచ్చాయి. 2019లో మరొక బృందాన్ని నియమించారు. ఒక్క కాగితాన్ని చూసి నమ్మరాదన్నది దీని నుంచి గ్రహించవలసిన నీతి. ఫెయిర్ అడంగల్, 1-బి, అడంగల్, ఎఫ్.ఎం.బి. పటం, దస్తావేజుల వరుస ఒకదానితో ఒకటి సరిపోవాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరుకు బదులు ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. పాత దస్తావేజులోని విస్తీర్ణమూ, కొత్త పటంలోని విస్తీర్ణమూ ఒకటేనా అని పోల్చి చూసుకోవాలి.

ఈసీలో కనిపించనివి

‘ఈసీ తీయించాం, శుభ్రంగా ఉన్నది’ అన్నది మరొక ధైర్యం. ఈసీ తీయించడం అవసరమే. కనీసం ముప్పై ఏళ్లకు తీయించాలి. అయితే రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, ఇంట్లో రాసి పెట్టిన వీలునామా, నోటిమాటగా జరిగిన అన్నదమ్ముల పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా ఇవేవీ అందులో కనిపించకపోవచ్చు.

అన్నింటి కన్నా ఎక్కువ తగాదాలు వస్తున్నది కుటుంబంలోని వాటాల దగ్గరే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కును మన రాష్ట్రంలో 1985లోనే కల్పించారు. 2005లో కేంద్ర చట్టం కూడా అదే చేసింది. తండ్రి 2005 నాటికి జీవించి ఉన్నా లేకపోయినా ఆ హక్కు కూతుళ్లకు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా పల్లెల్లో ‘ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాం’ అంటూ అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి అమ్మేస్తున్నారు. పదేళ్ల తరువాత ఆడపడుచు దావా వేస్తే నష్టపోయేది కొన్నవాడే. కనుక అమ్మేవారి కుటుంబ వృక్షం రాయించుకుని, హక్కున్న ప్రతి ఒక్కరి చేతా సంతకం చేయించాలి. మైనర్ల వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా అమ్మిన అమ్మకాన్ని ఆ పిల్లలు పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు.

ఉక్కు కర్మాగారం కోసం భూములు కోల్పోయిన వారి పునరావాస కాలనీలలో స్థలం కొనేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. 1970 దశకంలో అరవైకి పైగా గ్రామాల నుంచి భూములు తీసుకున్నారు. నిర్వాసితుల పేరున ఆర్-కార్డులు ఇచ్చారు, ఇళ్ల స్థలాలు కేటాయించారు. యాభై ఏళ్లలో ఆ కుటుంబాలు రెండు, మూడు తరాలుగా విస్తరించాయి. కేటాయింపు పత్రం అసలు ఎవరి పేరున ఉన్నది, వారి వారసులు ఎందరు, నేడు అమ్ముతున్న మనిషికి అది ఎలా వచ్చింది అన్న మూడు ప్రశ్నలకు కాగితంపై జవాబు దొరికిన తరువాతే బయానా ఇవ్వాలి.

లేఅవుట్ బోర్డు వెనుక

జాతీయ రహదారి పక్కన రంగురంగుల జెండాలు, సిమెంటు స్తంభాలు, కొత్తగా పరచిన ఎర్రమట్టి రోడ్డు కనిపిస్తే లేఅవుట్ తయారైనట్లే జనం భావిస్తున్నారు. లేఅవుట్‌కు అనుమతి ఇవ్వవలసినది వి.ఎం.ఆర్.డి.ఏ. లేదా దాని తరఫున అధికారం గల సంస్థ. 1978లో ఏర్పడిన వుడాయే 2018లో వి.ఎం.ఆర్.డి.ఏ.గా మారింది. సర్పంచి సంతకంతో నడిచిన ‘పంచాయతీ లేఅవుట్’లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సాంకేతిక అనుమతి లేని అలాంటి లేఅవుట్లలో కొన్నవారికి ఇంటి ప్లాను రావడం కష్టం.

అనుమతి ఉన్నదని చెబితే ఎల్.పి. నంబరు అడిగి, ఆ పటం నకలు తీసుకోవాలి. చేతిలో ఉన్న బ్రోచరులోని పటమూ, అనుమతి పొందిన పటమూ పక్కపక్కన పెట్టి చూడాలి. అనుమతి పటంలో పార్కుగా, పిల్లల ఆట స్థలంగా చూపినది బ్రోచరులో ప్లాట్లుగా మారిపోయి ఉండవచ్చు. రోడ్లు, కాలువలు పూర్తి చేసే వరకు కొన్ని ప్లాట్లను అధికార సంస్థకు తనఖా పెడతారు. కొనబోయే ప్లాటు ఆ తనఖాలో ఉన్నదేమో తెలుసుకోవాలి.

అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకాలు 2007 నుంచి పలుమార్లు వచ్చాయి. ‘ఎల్.ఆర్.ఎస్. వస్తుంది, అప్పుడు కట్టుకోవచ్చు’ అని అమ్మేవాడు తేలికగా చెబుతాడు. ఆ రుసుము, ఖాళీ స్థలం కోసం కట్టవలసిన పద్నాలుగు శాతం సొమ్ము కొన్నవాడి నెత్తినే పడతాయి. చెరువు గర్భంలోనో, గెడ్డ దారిలోనో ఉన్న ప్లాటుకు ఆ పథకం కూడా వర్తించదు.

గెడ్డల సంగతి ఈ జిల్లా వారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. కొండల మీద కురిసిన వాన గంటలో పల్లానికి దిగుతుంది. మేహాద్రి గెడ్డ వైపైనా, నరవ వైపైనా వేసవిలో ఎండి కనిపించే పల్లాన్ని చదును చేసి ప్లాట్లుగా అమ్మితే నీరు తన దారి మరచిపోదు. స్థలాన్ని ఒకసారి ఆషాఢ శ్రావణాల వానలో వెళ్లి చూసి రావాలి. పక్క పొలం రైతును, గొర్రెలు మేపుకునే వారిని అడిగితే బ్రోచరు చెప్పని విషయాలు తెలుస్తాయి. సముద్రపు ఒడ్డున అయితే తీర ప్రాంత పరిరక్షణ నిబంధనలు, విమానాశ్రయం దగ్గరైతే ఎత్తు పరిమితులు అడ్డు వస్తాయి. కర్మాగారాల సమీపంలో కొనేవారు 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది మరణించిన సంఘటనను మరువరాదు. కర్మాగారం గోడ పక్కన గజం ధర ఎందుకు తక్కువగా ఉన్నదో ఆలోచించాలి.

ఫ్లాటులో మన వాటా ఎంత?

స్థలం కొనే స్తోమత లేనివారు ఫ్లాట్ల వైపు చూస్తున్నారు. ఫ్లాటులో గోడలకు వయసు పైబడుతుంది. చివరకు మిగిలేది విడదీయని భూమి వాటా. నాలుగు వందల గజాల స్థలంలో పది ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి సుమారు నలభై గజాలు రావాలి. దస్తావేజులో ఇరవై అయిదు గజాలే రాసి ఉంటే మిగిలినది ఎవరి పేరున ఉన్నదని అడగాలి.

ప్లాను కన్నా అదనంగా ఒక అంతస్తు వేయడం నగరంలో అరుదేమీ కాదు. పై అంతస్తు చవకగా వస్తున్నదంటే అది ప్లానులో ఉన్నదా అని మొదట చూడాలి. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పదోవంతు భాగాన్ని బిల్డరు నుంచి కార్పొరేషన్ పూచీగా తీసుకుంటుంది. నిబంధనల ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే దానిని విడుదల చేస్తుంది. ఆ పూచీలో ఉన్న ఫ్లాటునే అమ్ముతున్నారేమో విచారించాలి. కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాత అమ్మే ఫ్లాటుకు జి.ఎస్.టి. ఉండదు. నిర్మాణంలో ఉండగా కొంటే ఉంటుంది.

2016లో చేసిన రెరా చట్టం కొనుగోలుదారులకు కొంత రక్షణ కల్పించింది. రెరాలో నమోదు కాకుండా ప్లాట్లు గానీ, ఫ్లాట్లు గానీ ప్రకటించి అమ్మరాదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పదోవంతుకు మించి సొమ్ము తీసుకోరాదు. కొనేవారి నుంచి వచ్చిన దానిలో డెబ్బయి శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ నిర్మాణానికే ఖర్చు పెట్టాలి. స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపాలు బయటపడితే బిల్డరే సరిచేయాలి. అయితే అయిదు వందల చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరు వందల గజాలు దాటని స్థలంలో కట్టేవి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి నమోదు చేయనక్కర లేదు. మధ్యతరగతి వారు ఎక్కువగా కొనే మూడు వందల గజాల చిన్న అపార్టుమెంట్లు ఈ సందు గుండా జారిపోతున్నాయి. అక్కడ కొనేవాడికి ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తన సొంత విచారణ తప్ప వేరే ఆసరా తక్కువ.

‘బ్యాంకు అప్పు ఇస్తానన్నది, కనుక అంతా సవ్యమే’ అనుకోవడమూ పొరపాటే. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు క్షేమాన్ని. భూమి పోయినా జీతం నుంచి వాయిదా కోయడం మానరు. ఆ లాయరు రాసిన అభిప్రాయం నకలు అడిగి తెచ్చుకుని, వేరొక లాయరుకు చూపించడానికి అయ్యే కొద్ది వేల ఖర్చు దండగ కాదు.

డబ్బు లెక్కలో దాగిన ప్రమాదం

ఒక కుటుంబం పెందుర్తి వైపు గజం ఇరవై వేల చొప్పున 150 గజాలు కొన్నదనుకుందాం. ధర ముప్పై లక్షలు. స్టాంపు డ్యూటీ అయిదు శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం వెరసి ఏడున్నర శాతం. అంటే రెండు లక్షల పాతిక వేలు. దీనిని తగ్గించుకోవడానికి దస్తావేజులో పద్దెనిమిది లక్షలే రాయించి, మిగిలిన పన్నెండు లక్షలు చేతిలో పెడుతున్నారు. మిగిలేది తొంభై వేలు. రేపు హక్కు చెల్లదని తేలితే కోర్టులో అడగగలిగేది దస్తావేజులో రాసిన పద్దెనిమిది లక్షలనే. తొంభై వేల ఆశ పన్నెండు లక్షలకు ఎసరు పెడుతుంది. స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోరాదని ఆదాయపు పన్ను చట్టం కూడా చెబుతున్నది. బయానా రూపాయి అయినా బ్యాంకు ద్వారా ఇవ్వాలి. తగిన రశీదు, అగ్రిమెంటు ఉండాలి. అభ్యంతరాలుంటే తెలుపవలసిందని పత్రికలో ఒక ప్రకటన వేయించి రెండు వారాలు ఆగితే దాగి ఉన్న హక్కుదారులు బయటకు వస్తారు. ‘రేపటికల్లా కట్టకపోతే వేరేవారికి పోతుంది’ అనే మధ్యవర్తి ఆ రెండు వారాలు ఆగనివ్వడు. ఆగనివ్వడం లేదంటేనే అనుమానించాలి.

అమ్ముకునే రైతు మాటేమిటి?

ఈ వ్యాపారంలో పల్లెవాడు కొనేవాడు మాత్రమే కాదు, అమ్మేవాడు కూడా. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం మండలాల్లో రైతుల దగ్గర కొద్దిపాటి బయానాతో అగ్రిమెంటు రాయించుకుని, ఆ కాగితం మీదనే ప్లాట్లు అమ్మి, వచ్చిన సొమ్ముతో రైతుకు బాకీ కట్టడం ఒక పద్ధతిగా నడుస్తున్నది. ప్లాట్లు అమ్ముడుపోకపోతే రైతుకు బాకీ అందదు. పొలం చదునైపోయి సాగుకు పనికిరాదు. పవర్ కూడా రాసి ఇచ్చి ఉంటే భూమి తనది కాకుండా పోతుంది. పూర్తి సొమ్ము అందకుండా పవర్ ఇవ్వరాదు. డెవలప్‌మెంట్ ఒప్పందమైతే గడువు, తన వాటాకు వచ్చే ప్లాట్ల నంబర్లు, గడువు దాటితే నష్టపరిహారం స్పష్టంగా రాయించుకోవాలి.

పేదల ఇళ్ల స్థలాల కోసమంటూ 2020 జనవరిలో పది మండలాల్లో ఆరు వేల ఎకరాలకు పైగా భూ సమీకరణకు ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. ఎకరా డి-పట్టాకు అభివృద్ధి చేసిన 900 గజాలు ఇస్తామన్నారు. ఎకరా అంటే 4,840 గజాలు. ఇలాంటి లెక్కలు ముందుకు వచ్చినప్పుడు రైతు తనకు దక్కేది ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడింటికీ రాతపూర్వక జవాబు పొందాలి.

కొన్నవాడి గోడే కూలుతున్నది

కొన్న తరువాత చేయవలసినవి కూడా ఉన్నాయి. స్థలం చుట్టూ హద్దులు నాటించాలి. రికార్డులో పేరు మార్పించుకోవాలి. ఖాళీ స్థలం పన్ను కట్టాలి. ఏడాదికి ఒకసారి ఈసీ తీయించి, తన స్థలాన్ని మరెవరైనా అమ్మేశారేమో చూసుకోవాలి. ఊళ్లో ఉండి పట్నంలో స్థలాన్ని గాలికి వదిలేసిన వారివే ఎక్కువగా కబ్జా అవుతున్నాయి. మోసపోయినవారు రెరాకు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, తక్కువ ఆదాయం గలవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. ఈ సంగతి చాలా పల్లెల్లో ఇంకా తెలియదు.

అయితే అన్ని జాగ్రత్తలూ కొనేవాడి మీదనే మోపడం ఎంత వరకు సబబు అన్నది ఆలోచించవలసిన విషయం. గెడ్డలో లేఅవుట్ వేసిన రోజున అక్కడికి ఏ అధికారీ రాలేదు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి, గోడలు లేచిన తరువాత యంత్రాలతో వస్తారు. అప్పటికి అమ్మినవాడు సొమ్ము చేసుకుని వేరొక చోట జెండాలు పాతుతూ ఉంటాడు. కూలేది మాత్రం ఎకరం అమ్ముకుని వచ్చిన రైతు గోడ.

నిషేధిత భూముల జాబితాను, అనుమతి లేని లేఅవుట్ల సర్వే నంబర్లను ప్రతి గ్రామ సచివాలయం బోర్డు మీద తెలుగులో రాసి పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. కంప్యూటరులో ఉన్నదనే జవాబు వేలిముద్ర వేసే రైతుకు చాలదు. అనుమతి లేని లేఅవుట్‌లో మొదటి ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వచ్చిననాడే ఆ సంగతి కొనేవాడికి చెప్పే ఏర్పాటు ఉండాలి. అంతవరకు పల్లెవాడికి రక్ష అతని నిదానమే. బయానా ఇవ్వడానికి ముందు తహసీల్దారు కార్యాలయానికి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి, వి.ఎం.ఆర్.డి.ఏ.కు ఒక్కొక్క రోజు తిరగాలి. మూడు రోజుల కూలి పోతుంది. ముప్పై ఏళ్ల కష్టం నిలుస్తుంది.